డిక్కీ డోరూ, మామగారి భుజమూ

ఆ రోజు పొద్దున్నే లేచి, ఎవరికీ చెప్పకుండా ఒక మంచి పని చేసేయాలని అల్లుడు నిశ్చయించుకున్నాడు. ఇళ్ళల్లో సగం గొడవలు ఇలా చెప్పకుండా మంచి పనులు చేసేవాళ్ళ వల్లే వస్తాయని అతనికెవరూ చెప్పలేదు పాపం.

ఆ మంచి పని మామగారి జీపుకి సంబంధించింది. కంపెనీవాళ్ళు దానికేదో గొప్ప పేరు పెట్టుకున్నారు గానీ, ఇంట్లో అందరికీ అది జీపే. మామగారు వంతెనల ఇంజనీరుగా ఉన్న రోజుల్లో ఏటి ఇసుకలోనూ కొండదారుల్లోనూ తిరగడానికి కొన్నారు. ఆయన రిటైరయ్యాక అది ఎక్కిన పెద్ద కొండ ఏదైనా ఉందంటే ఇంటి ముందున్న ర్యాంపే. దాని డిక్కీ డోరు పైకి లేచే రకం. లేచిన డోరును కిందకి పడకుండా పట్టి ఉంచడానికి అటొకటీ ఇటొకటీ గ్యాసు కడ్డీలుంటాయి, మెకానిక్కులు స్ట్రట్లంటారు. వాటిలో గ్యాసు పోయి చాలాకాలమైంది. డోరెత్తితే ఒక్క క్షణం ఆగి, ఆలోచించుకుని, ధబీమని ఎత్తినవాడి నెత్తిన పడుతుంది.

అందుకని డిక్కీ తెరిచినప్పుడల్లా "అల్లుడూ, ఓసారి ఇటొచ్చి కాస్త పట్టుకో" అని కేక వినపడేది. ఆఫీసులో పదిమందికి పని చెప్పే మనిషి, ఇంటికొస్తే డోరుకి ఊతకర్ర. కొత్త స్ట్రట్లు వేయిద్దామంటే మామగారు ఒంటికాలి మీద లేచేవారు. "నా జీపుకి స్క్రూడ్రైవరు పెడితే నేనే పెట్టాలి. తాళాలు నా చేతికి రానీ, అప్పుడు చూసుకుంటా" అనేవారు.

తాళాల సంగతి ఏమిటంటే, నిరుడు ఆయన మేడమెట్ల మీద జారి కుడిభుజం పాడుచేసుకున్నారు. అప్పట్నుంచీ కూతురు ఆయన్ని స్టీరింగు దగ్గరకి రానివ్వలేదు. "ఇంకెప్పుడిస్తావే?" అని రోజూ ప్రాణం తీస్తూ ఉంటే విసిగిపోయి, "ఆ డిక్కీ డోరు ఒంటిచేత్తో ఎత్తిన రోజున ఇస్తాను నాన్నా, సరేనా?" అని మాటిచ్చింది. ఆ డోరును వస్తాదులు కూడా ఒంటిచేత్తో ఎత్తలేరు. అంటే ఇవ్వనని మర్యాదగా చెప్పడమన్నమాట.

ఇక ఆ రోజే ఆ పని ఎందుకు పెట్టుకున్నాడంటే, దానికి కారణం అతని భార్య చేసిన నమూనా. ఆమె ఆర్కిటెక్టు. పెద్ద కంపెనీలో పనిచేసేది. తను గీసిన బొమ్మల కింద పై అధికారి సంతకం చూసి చూసి ఒళ్ళుమండి మానేసింది. సొంతంగా మొదలుపెట్టాక చెప్పుకోదగ్గ పని ఒక్కటీ రాలేదు. ఇప్పుడు నగర గ్రంథాలయానికి కొత్త భవనం కడతామని కమిటీవాళ్ళు నమూనాలు పట్టుకు రమ్మన్నారు. పదకొండింటికల్లా వాళ్ళ ముందు పెట్టాలి. ఇది గనక పోతే నోరు మూసుకుని పాత కంపెనీలోనే చేరిపోతానని ఆమె రాత్రి అన్నం ముందు కూర్చుని చెప్పింది. చెప్పి, అన్నం తినకుండా లేచిపోయింది. అది అల్లుడి మనసుని పిండేసింది.

నమూనా సగం మంచమంత ఉంది. పల్చటి చెక్కలతో గోడలు, పారదర్శకమైన రేకులతో పైకప్పు, మధ్యలో మెలికలు తిరిగిన మెట్లు, స్పాంజి ముక్కలకి రంగేసి చేసిన చెట్లు, బల్లల దగ్గర కూర్చుని పుస్తకాలు చదువుకుంటున్న గోరంత అట్టమనుషులు. పగలు దీపం వెయ్యకుండా ఏ మూల కూర్చున్నా చదువుకోవచ్చునన్నది ఆమె ఆలోచన. దాన్ని జీపులో పెడుతున్నప్పుడు ఆ పాడు డోరు పైనుంచి దిగిందంటే గ్రంథాలయం అప్పడమైపోతుంది. అందుకే అల్లుడు కొత్త స్ట్రట్లు రహస్యంగా తెప్పించి మంచం కింద దాచాడు. ఎలాంటివి కొనాలో తెలియక, ఉన్నవాటిలో అన్నిటికన్నా బలమైనవి కొన్నాడు. డోరుకి స్టెప్నీ చక్రం, ఇనుప నిచ్చెన, నీళ్ళ డబ్బాలు తగిలించుకుని అడవులు పట్టి తిరిగేవాళ్ళ కోసం చేసినవని పెట్టె మీద రాసే ఉంది. మామగారి జీపు డోరుకి వైపరు తప్ప ఇంకేమీ లేదు. బలం ఎక్కువైతే నష్టమేముందిలే అనుకున్నాడు.

పిల్లిలా షెడ్డులోకి వెళ్ళి, డోరుకి తుడుపుకర్ర ఊతంగా పెట్టి, చిన్న స్క్రూడ్రైవరుతో క్లిప్పులు లేపి పాత కడ్డీలు ఊడబెరికాడు. కొత్తవి టక్కుటక్కుమని కూర్చున్నాయి. కర్ర తీసేశాడు. డోరు కదల్లేదు! అతనికి కళ్ళనీళ్ళు తిరిగినంత పనైంది. పాతవాటిని చెత్తబండిలో పడేసి వచ్చి, డోరు మూయబోయాడు. అది రానంది. రెండు చేతులా పట్టుకుని లాగాడు. చివరికి కాళ్ళు రెండూ నేలనుంచి లేపి వేలాడితే, అప్పుడు దిగివచ్చి పడింది. కొత్తవి కదా, రెండు రోజుల్లో సర్దుకుంటాయని తనకి తనే చెప్పుకున్నాడు.

తను చేసిన పని గురించి భార్యకి చెప్పడానికి లోపలికి వెళ్ళబోతుంటే, మామగారు టోపీ పెట్టుకుని షెడ్డులోకి వచ్చారు. అలవాటు ప్రకారం డోరుకి ఆనుకుని నిలబడి, కుడిచేత్తో పిడి నొక్కి, ఎత్తడానికి ఊపిరి బిగపట్టారు.

ఎత్తడమేమిటి! డోరు ధనాలుమని లేచింది. దాని అంచు తగిలి ఆయన టోపీ ఎగిరి షెడ్డు దూలం మీద కూర్చుంది. మామగారు తన కుడిచేతిని ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకున్నారు. కాసేపు కడ్డీల వైపు చూశారు, కాసేపు అల్లుడి వైపు చూశారు. తరవాత ఇల్లు ఎగిరిపోయేలా కేకేశారు.

"అమ్మాయ్! ఇలా రా! మీ నాన్న భుజం చూడు!"

చేతులకి జిగురుతో ఆమె పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది నాన్నా? పడ్డారా?"

"పడటమా? ఎత్తాను! ఒంటిచేత్తో! అల్లుడు పక్కనే ఉన్నాడు, అడుగు."

ఆమె మొగుడి వైపు చూసింది. అతను దూలం మీది టోపీ వైపు చూశాడు. "ఎత్తారు" అన్నాడు చివరికి. అది అబద్ధం కాదు కదా.

"ఏదీ, మళ్ళీ ఒకసారి ఎత్తండి, చూస్తాను."

మళ్ళీ ఎత్తాలంటే ముందు మూయాలి. "మీరుండండి మామయ్యగారూ, నేను మూస్తాను" అని అల్లుడు డోరు పట్టుకుని గాల్లో వేలాడాడు.

"ఏమిటండీ ఆ వేలాడటం?"

"వ్యాయామం" అన్నాడు అతను, ముఖం కందగడ్డలా చేసుకుని.

మామగారు ఈసారి రెండు వేళ్ళే వాడారు. డోరు మళ్ళీ ధనాలుమంది. కూతురు తండ్రి భుజం మీద చేయి వేసి, ఏడాదిగా దాచుకున్న దిగులంతా దిగిపోయినట్టు నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "తాళాలు గుమ్మం పక్కన కొక్కేనికి ఉన్నాయి నాన్నా. ఇవాళ మీరే నడపండి" అంది. అల్లుడి గుండెల్లో రాయి పడింది.

ఇప్పుడు చెబితే తండ్రీ కూతుళ్ళిద్దరి సంతోషం మీదా నీళ్ళు పోసినట్టే. చెప్పకపోతే, చెయ్యి సరిగ్గా లేవని మనిషి చేతిలో జీపూ, జీపులో గ్రంథాలయమూ. చెబుదామనే అనుకున్నాడు. కానీ నమూనాని అటూ ఇటూ పట్టుకుని అంగుళం అంగుళం జరుపుకుంటూ వస్తున్నప్పుడు భార్య ముఖం చూసి, ఈ సమయంలో ఈమె చేతులు వణికేలాంటి మాట అనకూడదనుకున్నాడు. నమూనా క్షేమంగా డిక్కీలో చేరింది. డోరు మాత్రం ఎండ తగిలి గ్యాసు వేడెక్కిందో ఏమో, పొద్దుటికంటే మొండికేసింది. మామగారు ఒకసారి లాగి చూశారు.

"ఎత్తే కండ వేరు, దించే కండ వేరు. ఆ రెండోది ఇంకా రాలేదు" అన్నారు గంభీరంగా.

అల్లుడు మళ్ళీ వేలాడాడు. ఆ తాళం గట్టిగా పడితే రెండుసార్లు టక్కుమనాలి. ఒకసారే అంది. టైమైపోతోందని భార్య ముందు సీట్లోంచి కేకలేయడంతో, ఇంకో టక్కు దారిలో అదే పడుతుందిలే అని వదిలేశాడు. ఇంత తెలివైనవాడికి పిల్లనిచ్చారు చూడండి!

"నేను వెనక కూర్చుని నమూనా పట్టుకుంటాను" అని, వెనక సీట్లు మడిచిన చోట నమూనాకీ జీపు పక్కరేకుకీ మధ్య ముడుచుకున్నాడు. జీపు కదిలింది. మొదటి మలుపు రాగానే కళ్ళు మూసుకున్నాడు. ఆ భుజంతో ఈయన స్టీరింగు ఎలా తిప్పుతారు? జీపు వెన్న మీద జారినట్టు తిరిగింది. రెండో మలుపులో ఒక లారీ అడ్డమొచ్చింది. అల్లుడికి ముచ్చెమటలు పోశాయి. మామగారు దాన్ని తప్పించి, కూనిరాగం తీస్తూ ముందుకు పోయారు.

"మామయ్యగారూ, భుజం నొప్పిగా ఉంటే చెప్పండి, నేను నడుపుతాను."

"నొప్పా? ఇంకో డోరుంటే తీసుకురా, ఎత్తుతాను."

"మీరు ఊరుకోండి" అంది భార్య వెనక్కి తిరిగి. "నాన్న ఏడాది తరవాత స్టీరింగు పట్టుకున్నారు. ఆ సంతోషం కాస్త ఉండనివ్వండి."

ఇక లాభం లేదనుకున్నాడు అల్లుడు. తిట్లు తింటే తిన్నాను, ప్రాణాలతో ఉండి తింటాను కదా! గొంతు సవరించుకుని, "అసలు సంగతేమిటంటే, పొద్దున్న నేను..." అన్నాడు. సరిగ్గా అప్పుడే స్పీడ్ బ్రేకర్ వచ్చింది. మామగారు మెల్లగానే దాటించారు. ఆ కాస్త కుదుపుకే సగం పడ్డ తాళం ఊడి, డోరు ఆకాశంలోకి లేచింది.

గాలి హోరుమని లోపలికి కొట్టింది. స్పాంజి చెట్లు లేచాయి. బల్లల దగ్గర బుద్ధిగా చదువుకుంటున్న అట్టమనుషులు గుంపుగా లేచి, రోడ్డు మీదకి వెళ్ళిపోయారు. నమూనా పలక వెనక్కి జారింది. అల్లుడు దాని మీద బోర్లా పడి, రెండు చేతులా వాటేసుకుని, "ఆపండి! మామయ్యగారూ, ఆపండి!" అని అరిచాడు. వెనక వస్తున్న కారువాడు, ఒక మనిషి గ్రంథాలయాన్ని కావలించుకుని అరవడం చూసి తనే ముందు ఆపేశాడు.

జీపు రోడ్డు పక్కకి తీశారు. ఆమె దిగి వచ్చి చూసింది. గోడలున్నాయి. మెట్లున్నాయి. పైకప్పు ఒక మూల చిట్లింది గానీ నిలబడే ఉంది. లోపల మాత్రం నరపురుగైనా లేదు. రాత్రిళ్ళు పట్టకారుతో ఒక్కొక్కళ్ళనే కూర్చోబెట్టిన మనుషులు! ఆమె పెదవి కొరుక్కుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది అల్లుడికి.

డోరు దించి చూస్తే తాళం కొక్కెం వంగిపోయి అసలు పట్టడమే లేదు. ఆమె తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, పొద్దున మీరు మరీ బలంగా ఎత్తేశారు. అందుకే తాళం పాడైంది."

మామగారు తలొంచుకున్నారు. "అంతేనమ్మా. నా బలం నాకే తెలియలేదు."

అల్లుడికి భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. ఏ పాపం తెలియని పెద్దాయన, తను చేసిన నిర్వాకానికి నింద మోస్తున్నారు. "అది కాదు, తప్పు..." అని మొదలుపెట్టాడు.

"తప్పు ఎవరిదైతే ఏమిటండీ ఇప్పుడు? టైము చూశారా? ముందు ఆ డోరు మూయించండి!" అంది ఆమె.

అల్లుడూ భార్యా డోరు పట్టుకుని వేలాడుతుంటే, మామగారు జీపులో ఎప్పుడూ ఉండే లాగుడు తాడు తీసి, డోరు పిడికీ కింద కొక్కేనికీ కలిపి కట్టారు. బురదలో దిగబడ్డ లారీలని లాగించిన చేతులు అవి. ఆ ముడి చూస్తేనే ఇక ఈ జన్మకి ఊడదని తెలుస్తోంది.

కమిటీ ఆఫీసు ముందు జీపు ఆగేసరికి ఇంకా కొంచెం వ్యవధి ఉంది. "మిగతావాళ్ళవన్నీ పైకి చేరాయమ్మా, మీదే ఆలస్యం. లిఫ్టులో పట్టుకుపొండి" అన్నాడు వాచ్‌మన్. పట్టుకుపోవాలంటే ముందు ముడి విప్పాలి. డోరు లోపల్నుంచి తంతున్నకొద్దీ తాడు బిగుసుకుపోయింది. అల్లుడి గోళ్ళు విరిగాయి. మామగారు పళ్ళు పెట్టి కూడా చూశారు. పక్క డోర్లోంచి తీద్దామంటే నమూనా పట్టదు.

"నేను పైకి వెళ్ళి బతిమాలుతాను" అని ఆమె మెట్లమీద పరుగెత్తింది. అల్లుడు వాచ్‌మన్ని అడిగి కత్తి తెచ్చి, తాడు కోయడం మొదలుపెట్టాడు. ఆ తాడు ఏ ఏనుగునో కట్టడానికి చేసినట్టుంది. పీచు పీచుగా తప్ప తెగదు.

ఇంతలో కమిటీ అధ్యక్షురాలు తనే దిగివచ్చింది. వెనకాల సభ్యులూ, వాళ్ళ వెనక అల్లుడి భార్యా. అధ్యక్షురాలు కళ్ళజోడు ముక్కు చివర్న పెట్టుకుని, చిరాకు దాచుకోని పెద్ద మనిషి. "నమూనా పైకి రాదంటే ఏమిటమ్మా అర్థం? రేపు భవనం కూడా ఇలాగే రాదంటావా?" అంటూ వచ్చి, డిక్కీ అద్దంలోంచి లోపలికి చూడటానికి డోరు మీదకి వంగింది. ఆమె గడ్డం సరిగ్గా డోరు పిడికి పైన ఉంది.

అల్లుడు చేతిలో తాడు చూశాడు. సగానికి పైగా తెగింది. మిగిలిన పోగులు ఒక్కొక్కటే వాటంతట అవే పుటుక్కు పుటుక్కుమంటున్నాయి. ఇక కత్తి తీసినా ఆగదు. మర్యాదగా చెప్పే వ్యవధి లేదు.

"వెనక్కి జరగండి మేడమ్!" అని గావుకేక పెట్టి, కత్తి పారేసి, డోరుకీ ఆమెకీ మధ్య దూరాడు. ఆమె తుళ్ళిపడి రెండడుగులు వెనక్కి వేసింది. తాడు తెగింది. డోరు అల్లుడి ముక్కును రాసుకుంటూ పైకి లేచి, వెనకనుంచి ఏటవాలుగా కాస్తున్న ఎండంతా ఒక్కసారిగా గ్రంథాలయం మీద పడింది.

రేకుల కప్పులోంచి వెలుగు దిగి, మెట్ల మీద, బల్లల మీద, చివరి గది చివరి మూల దాకా పరుచుకుంది. చిట్లిన మూల నుంచి కూడా సన్నటి చార ఒకటి గోడ మీద పడింది. అధ్యక్షురాలు కళ్ళజోడు పైకి తోసుకుంది. అటు నుంచి చూసింది, ఇటు నుంచి చూసింది. భార్య ఊపిరి తీసుకోవడం లేదని అల్లుడికి తెలుస్తూనే ఉంది. అతనూ తీసుకోవడం లేదు.

"పైన ట్యూబులైట్ల కింద అన్నీ ఒకలాగే ఉన్నాయి. దేనిలో ఎండ ఎలా పడుతుందో ఒక్కళ్ళకీ తెలియలేదు" అంది ఆవిడ సభ్యులతో. తరవాత ఇటు తిరిగి, "లోపల ఒక్క మనిషీ లేడేమిటి?" అని అడిగింది.

భార్య ఏమాత్రం తడుముకోలేదు.

"మీరు కట్టి తలుపులు తెరిస్తే వాళ్ళే వస్తారండి."

అధ్యక్షురాలు మొదటిసారి నవ్వింది. సభ్యులు పక్కకి వెళ్ళి గుసగుసలాడుకున్నారు. ఆ కొద్దిసేపూ ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. తిరిగొచ్చి ఆవిడ, "మాకందరికీ ఇదే నచ్చింది. కానీ జనం కూడా చూడాలి. ఈ నెలంతా వీధివీధికీ తిప్పి చూపించండి. ఇలాగే, ఈ జీపులోనే, ఆ డోరు అలా లేవాలి సుమా!" అని చెప్పి వెళ్ళిపోయింది.

భార్య జీపు అంచు మీద కూలబడి, ఇప్పుడు ఏడ్చింది. అల్లుడు ఇక ఆపుకోలేక మొత్తం కక్కేశాడు. స్ట్రట్లు, తుడుపుకర్ర, ఒక్క టక్కు, ఏదీ దాచలేదు. "మామయ్యగారూ, క్షమించండి. ఎత్తింది మీ భుజం కాదు."

"నాకు తెలుసు" అన్నారు మామగారు.

"తెలుసా! ఎప్పట్నుంచి?"

"టోపీ ఎగిరినప్పట్నుంచి. పాత కడ్డీలు తుప్పుపట్టి ఎర్రగా ఉండేవి, ఇవి తళతళలాడుతున్నాయి. కళ్ళు కూడా బెణికాయనుకున్నావా?"

"అంటే నాన్నా, మీ భుజం ఇంకా..." ఆమె కంగారుగా లేచింది.

"భుజం బాగై ఆరు నెలలైందే పిచ్చిదానా! డాక్టరు చెబితే నమ్మలేదు, నేను చెబితే నమ్మలేదు. డిక్కీ డోరు చెబితే నమ్మావు. మంచి సాక్ష్యం దొరికితే ఎందుకు వదులుకోవాలి?" అన్నారాయన. "దారిలో ఒక్క కుదుపైనా ఇచ్చానా? గ్రంథాలయాన్ని రోడ్డు మీద పారబోయబోయింది నేనా, నీ మొగుడా?"

ఆమె తండ్రిని చూసింది, మొగుణ్ణి చూసింది, కళ్ళనీళ్ళతోనే పకపకా నవ్వింది. "నెలంతా మీరే నడపాలి నాన్నా. మరి డోరు?"

ఇద్దరూ అల్లుడి వైపు తిరిగారు.

మర్నాడు నెల్లాళ్ళు సెలవు కావాలని అల్లుడు ఆఫీసులో అడిగితే, కారణమేమిటని మేనేజరు కళ్ళెర్రజేశాడు.

"డోరు మూయాలండీ" అన్నాడు అల్లుడు.